వదినకు పాయింట్లతో గది

దుబాయి,
శుక్రవారం మధ్యాహ్నం.

మా వదినకు సంధ్య దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, నీళ్లు కూడా తాగుతున్నాను, కాబట్టి ఆ మూడు ప్రశ్నలూ ఈసారికి వదిలెయ్. నీ నడుము నొప్పి ఎలా ఉంది? దవాఖానలో రాసిచ్చిన బెల్టు కట్టుకుంటున్నావా, లేక బీరువాలో చీరల కింద భద్రంగా దాచిపెట్టావా? అన్న మోకాలు ఎలా ఉంది? కావ్య హసన్‌పర్తి కాలేజీకి బస్సులోనే పోతున్నదా, స్కూటీ కోసం వాళ్ల నాన్నను ఇంకా సతాయిస్తున్నదా? అన్నీ రాయాలి. ఒక్కటి కూడా మరిచిపోవద్దు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్లీ ఈ ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. ఏం చేయను వదినా, నేను ఫోన్ చేస్తే అన్న స్పీకర్ పెట్టి దుకాణంలో గల్లాపెట్టె మీద పెడతాడు. జంపఖానా కొనడానికి వచ్చినవాళ్లు కూడా "మంచిగున్నవా బిడ్డా, ఎప్పుడస్తవు?" అని నన్ను పలకరిస్తారు. అది నాకు ఇష్టమే, ఒట్టు. కానీ ఇప్పుడు చెప్పబోయేది బేరం మధ్యలో చెప్పే మాట కాదు. నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువు. అన్నకు చూపించాలో వద్దో నీకే వదిలేస్తున్నాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. సాయంత్రం పూట బయట నడవొచ్చు. పని మాత్రం తగ్గలేదు. ఆసుపత్రుల్లో రక్తపరీక్షల మిషన్లు బిగించడం, అక్కడివాళ్లకు నడపడం నేర్పడం, చెడిపోతే మళ్లీ పరుగెత్తడం. పోయిన మూడు వారాల్లో మస్కట్, దోహా, బహ్రెయిన్ తిరిగి వచ్చాను. నా మంచం మీద నేను పడుకున్నది నాలుగు రోజులే. ఎక్కడికి పోయినా అవే తెల్ల దుప్పట్లు, అదే వాసన సబ్బు. పొద్దున టిఫినుకు దిగితే "ఒక్కరేనా మేడమ్?" అని అడిగి, ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటూ గ్లాసూ తీసుకుపోతారు. వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ ప్లేటు తీసేటప్పుడు నాకు ఎందుకో ఏడుపొస్తుంది. తర్వాత ఏదో ఒకటి తిని పనికి పోతాను. నువ్వు దీనికి ఫికర్ పెట్టుకోకు, బాగానే ఉన్నానని ముందే రాశాను కదా.

ఆ హోటళ్లలో ఉన్నందుకు నాకు పాయింట్లు వస్తాయి. అదేమిటని అన్న ఎన్నిసార్లు అడిగినా ఫోన్లో చెప్పలేకపోయాను. చాలా సులువు. పెళ్లి సామాను మన దగ్గరే కొన్నవాళ్లకు అన్న కూర్చునే చిన్న ఆసనం ఒకటి ఊరికే చుట్టి ఇస్తాడు చూడు, అదే ఇదీ. కొసరు. బిల్లు మా కంపెనీ కడుతుంది, కొసరు నా పేరు మీద పడుతుంది. అయిదేళ్లుగా ఆ కొసరు తీసుకోకుండా అలాగే ఉంచాను. నువ్వూ అన్నా మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. వాడితే మీ కోసమే వాడాలని ఎప్పుడో అనుకున్నాను.

ఆ పాయింట్లకు రెండు హోటళ్లు అందుతాయి. ఒకటి కొత్తది, ఆకాశాన్నంటే అద్దాల మేడ, నలభై అంతస్తుల పైన గది, కిటికీలోంచి సముద్రం. అందులో ఒక్క రోజు వస్తుంది. రెండోది పాతది, నాలుగే అంతస్తులు, క్రీక్ అనే ఉప్పునీటి పాయ ఒడ్డున ఉంటుంది. అదీ గొప్ప హోటలే, కానీ చూడగానే నోరు తెరిచేంత కాదు. అందులో మూడు రోజులు వస్తాయి. నేను ఆలోచించకుండా అద్దాల మేడ బుక్ చేసేశాను. మా వదిన నలభై అంతస్తుల పైన నిలబడి సముద్రం చూడాలి, ఆ ఫొటో మన గల్లీ అంతా చూడాలి, అంతే. గొప్పకు పోయానను, ఒప్పుకుంటాను.

ఆ రోజు ఫోన్లో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. "ఒక్క దినానికి గంత పైకెందుకే? లిఫ్టు ఖరాబైతే నా మోకాలు సంగతేంది?" అని అన్న మొదలుపెట్టాడు. నువ్వు వెనక నుంచి, "మాకు హోటలెందుకు సంధ్యా? నీ రూంల జంపఖానా ఏస్కోని కింద పంటం. ఆ పాయింట్లేవో నువ్వే దాసుకో" అన్నావు. నేను పట్టుబట్టాను. చివరికి అన్న, "సరే తియ్, మరి నువ్వు గూడ మాతోనే ఉండు, ముగ్గురం ఒక్క రూంల పడ్తం" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో! వెంటనే బుకింగులో నా పేరు కూడా ఎక్కించాను. కిటికీ పక్కన సోఫా ఉంది, దాని మీద నేను పడుకుంటానని కూడా అనుకున్నాను.

కానీ మన ఇంటి బుద్ధి ఎక్కడికి పోతుంది? సరుకు కళ్లతో చూడకుండా తీసుకోవద్దని బాపు నేర్పాడు కదా. అందుకని పోయిన శనివారం సెలవు పెట్టి రెండు హోటళ్లూ చూసొచ్చాను. అద్దాల మేడలో అడుగు పెట్టగానే ఖర్జూరాలూ చిన్న గిన్నెలో కాఫీ ఇచ్చారు. లిఫ్టులో చెవులు దిబ్బడేశాయి. గది బ్రహ్మాండంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? నేను మాత్రం సముద్రం చూడకుండా ముందు కిందికి వంగి, నేల మీద పరిచిన తివాచీ మూల మడిచి వెనక వైపు చూశాను. గది చూపిస్తున్నామె కంగారుపడి, "ఏమైనా పడిపోయిందా మేడమ్?" అంది. సిగ్గేసింది. మిషను మీద చేసిన సరుకు, వెనక జిగురు పూసి ఉంది. కిటికీ తెరుచుకోదట. ఇంత సముద్రం ఎదురుగా పెట్టుకుని కాస్త గాలి కూడా రాదు.

అక్కడి నుంచి క్రీక్ ఒడ్డు హోటలుకు పోయాను. గదికి బాల్కనీ ఉంది, రెండు కుర్చీలు ఉన్నాయి. కింద పడవలు పోతుంటాయి. నేల మీద జంపఖానా లాంటిదే పరిచారు. చెయ్యి ఊరుకుంటుందా? మూల మడిచి చూసి, "ముడులు మంచిగనే ఉన్నయి" అని నాలో నేనే పైకి అనేశాను. దుప్పట్లు సర్దుతున్న నడివయసు ఆవిడ చటుక్కున తలెత్తింది.

"నువ్వు దుకాణపోల్ల పిల్లవా?" అంది.

"మాది వరంగల్. నీకెట్ల ఎర్కైంది?" అన్నాను.

"మాది పాలకుర్తి దిక్కు. మా మేనత్త జంపఖానాలు నేసేది. అమ్మబోతే సేట్లంతా గిట్లనే మూల మలిపి, వెనక ముడులు చూసి, రేటు తగ్గిచ్చెటోల్లు" అని నవ్వింది. ఆవిడ పేరు రాధమ్మ. పదేళ్లుగా ఆ హోటల్లోనే పని చేస్తున్నదట. మన మాట విని ఎన్నాళ్లయిందో, ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వదల్లేదు.

మన మనిషే కదా అని అడిగాను. "జర నిజం చెప్పు అక్కా. ఇది తీసుకోవాల్నా, ఆ అద్దాలది తీసుకోవాల్నా?"

"ఎవలకు?"

"మా అన్నకు, వదినకు."

"కొత్త జంటనా?"

"లేదక్కా, పెండ్లయి పాతికేండ్లయితాంది."

"ఫొటోలు దిగేటోల్లకు అద్దాలది మంచిగుంటది. ఇద్దరు కూసోని మాట్లాడుకునేటోల్లకు ఇది మంచిగుంటది" అంది రాధమ్మ. దిండు గలేబు తొడుగుతూ మళ్లీ అడిగింది. "ఇన్నేండ్లల్ల ఆల్లిద్దరే ఎటన్న పోయిండ్రా?"

బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు రాసేది అక్కడ కూర్చుని తెలుసుకున్నది.

నువ్వు మన ఇంటికి వచ్చేనాటికి అమ్మ పోయి మూడేళ్లు. ముందు దుకాణం, వెనక హాలు, తలుపున్న గది ఒక్కటే. హాల్లో బాపు మంచం, ఆయన దగ్గు, వచ్చే పోయే జనం. మీ పెళ్లయి ఆరు నెలలు తిరక్కుండానే నేను ఇంటర్లో చేరాను. చదువు సాగడం లేదని నేను ఒక్కసారి ఏడిస్తే, ఆ రోజే మీ గది నాకు ఇచ్చేసి, మీ పరుపు దుకాణంలోకి మార్చావు. రెండేళ్లనుకున్నది, డిగ్రీతో కలిపి అయిదేళ్లయింది.

ఒక పరీక్ష రోజు తెల్లవారుజామున, రికార్డు పుస్తకం దుకాణంలో మరిచిపోయానని షట్టర్ కొట్టాను. నువ్వే తీశావు. జుట్టు నిండా నూలు పోగులు. చెంప మీద జంపఖానా గీతలు అచ్చు పడి ఉన్నాయి. "ఈడెందుకు పండుకుంటానవు వదినా?" అని అడిగితే, "ఈడ సల్లగుంటది సంధ్యా, లోపల ఉక్క" అన్నావు. నేను నమ్మాను. అది మార్చి నెల, పైన రేకులు. ఫిజిక్స్‌లో క్లాసు ఫస్టు వచ్చినదానికి రేకుల కింద చల్లగా ఉండదని తట్టలేదు చూడు.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు కలం పక్కన పెట్టాను. పెళ్లయిన ఆరేళ్లకు గానీ కావ్య పుట్టలేదు. ఆ ఆరేళ్లూ మా మేనత్త వచ్చిన ప్రతిసారీ "ఇంక ఏం ఇశేషం లేదా?" అని నిన్ను హాల్లో నిలబెట్టి అడిగేది. ఒకరు గుడికి మొక్కమన్నారు, ఒకరు డాక్టరుకు చూపించుకొమ్మన్నారు. నువ్వు తల వంచుకుని చాయ్ పోసేదానివి. "మాకు గదేది?" అని ఒక్కసారి కూడా అనలేదు. నేను లోపల గడియ పెట్టుకుని, చప్పుడు చెయ్యొద్దని మీ మీదే విసుక్కుంటూ చదువుకున్నాను. నేను హైదరాబాదుకు ఉద్యోగానికి పోయిన మరుసటి ఏడే కావ్య పుట్టింది. నాకు ఎన్నడూ ఆ లెక్క తోచలేదు. మేనత్తకు తోచలేదంటే సరే, నాకు తోచవద్దా?

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. అడిగితే "పిచ్చిదానా" అని కొట్టిపారేస్తావు. నాకు ఉన్నదంతా ఆ గదిలోంచే వచ్చిందని చెప్పడానికి రాస్తున్నాను. ఈ ఉద్యోగం, ఈ తిరుగుడు, నెలనెలా కావ్య ఫీజుకు పంపగలగడం, అన్నీ. అమ్మ ఉంటే అమ్మ కూడా ఇంత చేసేదో లేదో నాకు తెలియదు. నువ్వు చేశావు. చేసినట్టు నాకు తెలియనివ్వలేదు. నీ రుణం అని పెద్ద మాట అనను, నీకు నచ్చదు. నువ్వు మన ఇంటికి రావడం నా అదృష్టం, అంతే.

మరి అంత చేసినదానికి నేనేం బుక్ చేశాను? మళ్లీ మీ గదిలో నాకొక సోఫా!

రాధమ్మకు చెప్పి కిందికి దిగాను. అక్కడే నిలబడి అద్దాల మేడ బుకింగు ఫోన్లో రద్దు చేశాను. పాయింట్లన్నీ తిరిగి వచ్చాయి, అన్నకు ఆ సంగతి ముందుగా చెప్పు, లేకపోతే నిద్రపోడు. క్రీక్ ఒడ్డు గది మూడు రోజులకు తీసుకున్నాను. రెండో అంతస్తే, లిఫ్టు ఆగిపోయినా మెట్లెక్కొచ్చు. దిగిన రోజు మీరిద్దరూ నా దగ్గర భోంచేసి అక్కడికి పోతారు. నాలుగో రోజు వచ్చి తీసుకొస్తాను. ఆ తర్వాత ఎన్ని రోజులైనా నా గదిలో జంపఖానా వేసుకుని పడుకుందాం, రాత్రంతా ముచ్చట్లు పెట్టుకుందాం. సముద్రం కూడా చూపిస్తాను, కింద ఒడ్డున నిలబడి చూడ్డానికి ఎవరూ ఏమీ అడగరు.

వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు చిన్న సీసాలో, మూత మీద టేపు వేసి తే. మక్కపేలాల పిండి ఉంటే కొంచెం. రాధమ్మకు కూడా ఒక తొక్కు సీసా కావాలి, నేను మాటిచ్చాను. నీ బెల్టు మరిచిపోకు. దుకాణం కొన్నాళ్లు మూస్తే గిరాకీ ఎటూ పోదని అన్నకు నువ్వే నచ్చజెప్పాలి. మీ ఇద్దరి వీసా కాగితాలు కావ్య ఫోన్లో పెట్టిందట, ఒక ప్రింటు కూడా తీయించమను. మేనత్తకు నా నమస్కారాలు చెప్పు, ఆమె మీద నాకేం కోపం లేదు. పక్క దుకాణం కాకకు, మన గల్లీలో పెద్దలందరికీ దండాలు. పిల్లలకు ముద్దులు.

బుకింగు కౌంటర్లో కుర్రాడు పేర్లు అడిగాడు. మొదట నీ పేరు రాయించాను, తర్వాత అన్నది. పాయింట్లు నా పేరు మీద ఉన్నాయి కదా, అతను నేనూ ఉంటాననుకున్నాడు. "మొత్తం ముగ్గురా మేడమ్? ఇంకో మంచం వేయించమంటారా?" అని అడిగాడు.

"వద్దు. వాళ్లిద్దరే" అన్నాను.

నన్ను దీవిస్తూ ఉండు వదినా.

మీ గదిలో చదువుకున్న మీ ఆడబిడ్డ,
సంధ్య