బూడిదలో దాచిన అనుములు

ఏమయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. నేను చెబుతుంటే మన మనుమరాలి టీచరమ్మ రాస్తున్నది.

మెదక్ బడిలో పోయిన వారం ఈమెతోనే కొట్లాడాను. గింజకు ప్రాణముందని పిల్ల రాస్తే తప్పు పెట్టింది.

"గింజ కదల్తదా, పెరుగుతదా అవ్వా?" అన్నది.

"అది సావలేదు బిడ్డా, పండుకున్నది. నీళ్లు సూపియ్యి, లేస్తది" అన్నాను.

అల్లాదుర్గ్ చేనులో నువ్వు ఆఖరుసారి కోసి, బూడిద కలిపి దాచిన అనుముల కుండ మూత తీశాను. ఏడాదిగా ముట్టనేలేదు. మొలవకపోతే నీ చేతిదేదీ ఇక మిగలదని భయం.

గుప్పెడు గింజలు బడికి తీసుకపోతే, పిల్లలు తడిబట్టలో కట్టి మూడు రోజులు కావలి కాశారు. రెండు తప్ప అన్నీ మొలిచాయి. టీచరమ్మ తప్పు కొట్టేసి రైటు పెట్టింది.

మొలవని రెంటినీ పారేయబుద్ధి కాలేదు. కొంగుకు ముడేసుకున్నాను.