అక్క ఊఁ అంటేనే పెనాంగ్

పుప్పాలగూడ,
సోమవారం

ప్రియమైన వాసంతక్కకు,

నవ్వకు. ఒకే ఫ్లాట్‌లో ఉంటూ ఉత్తరమేంటని అనుకుంటావని తెలుసు. నువ్వు తెల్లారకముందే షిఫ్టుకి వెళ్లిపోతావు. నేను మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి నిద్రపోతుంటావు. మనం ఒకరి మొహం ఒకరు చూసుకుని తొమ్మిది రోజులైంది. ఈ సంగతి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పబుద్ధి కాలేదు. అందుకే రాసి ఫ్రిజ్ మీద పెడుతున్నాను.

వచ్చే నెల పెనాంగ్ వెళ్తున్నాను. మలేషియాలో సముద్రం పక్కన ఊరు. ఆరు రోజులు, ఒక్కదాన్నే. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. టికెట్ కూడా తీసేసుకున్నాను. అమ్మకు చెబితే "ఒక్కదానివే గంత దూరం పోయి ఏం జేస్తవే, మాట్లాడెతందుకు మనిషన్న ఉండాలె గద" అని ఫోన్ పెట్టేసింది. తిట్టలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే.

మన టీమ్ పద్ధతి నీకు తెలిసిందే. సెలవు పెట్టినవాళ్లు తమ పని చూసే బ్యాకప్ మనిషి పేరు రాయాలి, ఆ మనిషి యాక్సెప్ట్ కొడితేనే రవీందర్ సార్ సెలవిస్తారు. నీ పేరు రాశాను. మెయిల్ వచ్చే ఉంటుంది. శుక్రవారం లోపు ఊఁ అను, చాలు.

నీ
హర్షిణి

మంగళవారం

ప్రియమైన హర్షీ,

చాలా సంతోషం. ఈ రెండు ముక్కలూ మూడుసార్లు రాసి కొట్టేశాను, నాలుగోసారి ఉంచేశాను.

పెనాంగా? రాయదుర్గం మెట్రోలో ఎస్కలేటర్ ఎక్కడానికి నా చున్నీ కొస పట్టుకున్నదానివి. హోటల్లో ఒక్కదానివే కూర్చుని దోసె తినడానికి సిగ్గుపడి పార్సిల్ కట్టించుకునేదానివి. తలెత్తుకుని తినమని నేర్పింది నేనే కదే. ఇప్పుడు ఏకంగా సముద్రం దాటుతానంటున్నావు. బాగుంది.

నీ మంచి కోరే అడుగుతున్నాను. అక్కడ చెప్పాపెట్టకుండా వానలు పడతాయట. నువ్వు తడిస్తే జలుబు, జలుబు చేస్తే జ్వరం. ఆకుకూరలో కూడా ఎండురొయ్యలు నూరి వేస్తారట, శనివారం గుడ్డు కూడా ముట్టనిదానివి ఏం తింటావు? ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఎందుకొచ్చావని అడిగితే ఏం చెబుతావు, ఊరికే అంటావా?

మెయిల్ చూశాను. ఆ వారమే మా కాబోయే అత్తగారు పెళ్లి చీరలకు రమ్మంటున్నారు. కుదురుతుందో లేదో చూసి చెబుతాను.

సాంబారు ఉంది, వేడి చేసుకో.

ఇట్లు
వాసంతి

బుధవారం

ప్రియమైన అక్కా,

సాంబారు బాగుంది. ఉప్పు కొంచెం ఎక్కువైంది, కోపంలో వేశావా?

గొడుగు కొన్నాను. శాకాహార హోటళ్లు నాలుగు వెతికి పెట్టుకున్నాను. ఆఫీసరు అడిగితే ఊరికే వచ్చాననే చెబుతాను, అంతకంటే నిజం ఇంకేముంది? నేను దిగే చోటు ఒక పాత ఇంటి మేడ మీద గది. కిటికీ తీస్తే పెంకుటిళ్ల కప్పులు, వాటి వెనక సముద్రం. ఆ ఫొటో నీకు పంపాను, చూశావని నీలం టిక్కులు పడ్డాయి, మాట మాత్రం రాలేదు.

రోజుకో పేజీ చొప్పున నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మొదటి రోజు పేజీ ఖాళీగా ఉంది. నువ్వయితే ఏం చేస్తావు? ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరూ ఎదురుచూడరు. అలాంటి రోజు నీకు దొరికితే ఎటు నడుస్తావు? చెప్పక్కా, అదే రాసుకుంటాను.

శుక్రవారం మర్చిపోకు.

నీ
హర్షిణి

గురువారం

హర్షిణికి,

నేనయితే ఏం చేస్తానా? నాకు పాస్‌పోర్టు వచ్చి ఆరేళ్లయింది. ఒక్క ముద్ర లేదు. ఆరేళ్లుగా ఆ క్యాంటీన్ టేబుల్ దగ్గర ఎప్పటికైనా ఒక్కదాన్నే ఎటో వెళ్తానని చెబుతున్నది నేను. వింటూ సమోసా తిన్నది నువ్వు. నిన్న అదే టేబుల్ దగ్గర మన టీమ్ ప్రవీణ "హర్షిణిది ఏం ధైర్యమండీ బాబూ" అంది. అందరూ తలలూపారు. ధైర్యం అనే మాట ఇన్నాళ్లూ అక్కడ నాదే. ఎవరిని అడిగి నీకు ఇచ్చేశారో తెలియదు.

జశ్వంత్‌తో అన్నాను, పెళ్లికి ముందు ఒక్కసారి నేనూ ఎటైనా వెళ్లొస్తానని. ఆయన మంచివాడే. నవ్వి "డిసెంబర్‌లో పెళ్లయ్యాక ఇద్దరం వెళ్దాంలే, ఒక్కదానివే వెళ్లి ఏం చేస్తావు" అన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది. పోట్లాడటానికి కూడా ఆయన చోటివ్వలేదు.

కాబట్టి నీ మొదటి రోజు పేజీ నువ్వే నింపుకో. నన్నడక్కు.

సెలవు సంగతి ఇంకా చూడలేదు. కుదరకపోవచ్చు. రేపు సాయంత్రం నల్లగండ్లలో పిన్ని ఇంటికి వెళ్తున్నాను, ఆదివారం దాకా రాను. పాలవాడికి చెప్పు.

వాసంతి

శనివారం

ప్రియమైన అక్కా,

పాలవాడికి చెప్పాను.

శుక్రవారం అయిపోయింది. రవీందర్ సార్ ఫోన్ చేసి "ఏందమ్మా, వాసంతి ఇంక యాక్సెప్ట్ కొట్టలే. సోమవారం పొద్దుగాల దాక ఆగుత. ఇగ తర్వాత నన్ను అడగొద్దు" అన్నారు.

నీకు కుదరకపోతే కుదరదని చెప్పేయి. నేనేమీ అనుకోను. నిజంగానే అనుకోను.

నీ
హర్షిణి

సోమవారం

ప్రియమైన హర్షీ,

చీరలు లేవు, అత్తగారు పిలవనూ లేదు. అన్నీ అబద్ధాలు.

ఆ మెయిల్ రోజుకు నాలుగుసార్లు తెరిచాను, నాలుగుసార్లు మూశాను. కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టదలుచుకోలేదు. నీ గది కిటికీ ఫొటో చూస్తే కడుపు మండిపోయింది. నీకు రెండో రోజే జ్వరం రావాలని, ఏడుస్తూ తిరిగి రావాలని, నేను పక్కన కూర్చుని కషాయం ఇవ్వాలని కూడా అనుకున్నాను. ఆ కషాయంలో మిరియాలు ఎన్ని వెయ్యాలో కూడా లెక్కేశాను. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకే తెలియదు.

పిన్ని ఇంట్లో రెండు రోజులూ ఎవరు పలకరించినా విసుక్కున్నాను. పిన్ని కూతురు కిరణ్మయి "నీకు ఎవరి మీదే కోపం" అని అడిగింది. నీ పేరు చెప్పాను. ఏం చేసిందని అడిగింది. ఏమీ చేయలేదన్నాను.

పొద్దున ఎనిమిదింటికి యాక్సెప్ట్ కొట్టాను. మంచితనం కాదు. నా వల్ల ఆగిపోయావని తెలిసి ఈ ఇంట్లో నీ మొహం చూడలేను. వెళ్లు. నీ పనంతా నేను చూసుకుంటాను. చూసుకుంటూ కుళ్లుతాను. అది మాత్రం మానలేను, నన్ను క్షమించమని కూడా అడగను.

నీ
వాసంతి

పదిహేడో తారీఖు,
పొద్దున పదకొండు

ప్రియమైన అక్కా,

క్యాబ్ వాడు కింద హారన్ కొడుతున్నాడు. నువ్వు ఆఫీసులో నీ పనీ నా పనీ కలిపి చేస్తున్నావు. మూడు వారాలుగా చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజే ప్రవీణ "నేను చూసుకుంటాలే, పోయిరా" అంది. నేనే వద్దని నీ పేరు రాశాను. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. ఆ టికెట్ ఏదో ఊపులో తీశాను. గంటకల్లా భయం పట్టుకుంది. అప్పటికే అందరికీ చెప్పేశాను. ఆగిపోవడానికి నాకో సాకు కావాలి, వాసంతక్కకు కుదరలేదంటే అందరూ నమ్ముతారు. నువ్వు రాసిన వాన, రొయ్యలు, ఆఫీసరు, అన్నీ నేను ముందే లెక్కపెట్టుకున్నవే. నువ్వు తప్పకుండా కాదనాలనే గొడుగు గురించి, కిటికీ గురించి రాసి ఉడికించాను. నీ మనసు ఎక్కడ నొస్తుందో తెలిసే మొదటి రోజు ఏం చేస్తావని అడిగాను. తప్పే.

నువ్వు యాక్సెప్ట్ కొట్టిన రోజు బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. టికెట్ క్యాన్సిల్ చేద్దామని ఫోన్ తీశాను. మర్నాడు పొద్దున టీ పెట్టుకుని నీ ఉత్తరం చదివాను.

అక్కా, ఊళ్లో, కాలేజీలో, ఇక్కడ, నన్ను చూసి జాలిపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. పాపం హర్షిణి అని నువ్వే ఎన్నిసార్లు అన్నావో. నన్ను చూసి కుళ్లుకున్నవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి టీ చల్లారబెట్టుకున్నాను. నేను ఆగిపోతే నీ కుళ్లు తీరిపోతుంది, మళ్లీ నేను పాపం హర్షిణి అయిపోతాను. అది నాకు ఇష్టం లేదు. వెళ్లడానికి నా దగ్గర వేరే కారణం లేదు, ధైర్యం అసలే లేదు.

ఈ ఆరు రోజులూ కుళ్లు తగ్గించకు అక్కా. అక్కడ నాకున్న తోడు అదొక్కటే.

భయపడుతూనే మెట్లు దిగుతున్న
నీ హర్షిణి