గచ్చులో నీ అడుగు

అక్కా,

కోసిగిలో మనింటి వసారాలోనే నేనిప్పుడు బడి నడుపుతున్నాను. ఈ రోజు అనుపాతాలు చెప్పాను. పిల్లలు దారంతో కొలుచుకుంటే, అందరి ఎత్తూ పాదానికి ఇంచుమించు ఆరున్నర రెట్లని తేలింది.

వెంటనే లింగమ్మ అనే పిల్ల గచ్చులో నీ అడుగు కొలిచింది. తడి గచ్చు మీద నన్ను చంకనెత్తుకుని నడిచి నాయన చేత దెబ్బలు తిన్నావే, ఆ అడుగు. ఆ ఏడే జ్వరంతో పోయావు.

"ఏడంగుళాలుండాది అయ్యోరూ. అంటే ఈ పాప నలభై అయిదున్నర అంగుళాలే. శానా పొట్టి."

లెక్క తప్పన్నాను. నేనే చేసి చూశాను. తప్పలేదు.

నిన్నెప్పుడూ తలెత్తి చూసినట్టే నాకు గుర్తు. లింగమ్మ బొగ్గుతో గోడ మీద నీ ఎత్తుకు గీత గీసింది. నేను పక్కన నిలబడ్డాను.

ఆ గీత నా చంక దాకా కూడా రాలేదు.