బోర్డు మీద వాక్యం

అమ్మా, నమస్కారం.

మీ అమ్మాయికి ఇంగ్లీషు చెప్పేది నేనే. నిన్న మీ గుమ్మం దాకా వచ్చాను గానీ, తలుపు తట్టడానికి ముఖం చెల్లక వెనుదిరిగాను. అందుకే ఈ ఉత్తరం.

పోయిన సోమవారం క్లాసులో ‘ఫర్సేక్’ అనే క్రియ చెప్పాను. అయినవాళ్ళను విడిచిపెట్టి వెళ్ళిపోవడమని అర్థం. ఇప్పుడు ఎవరి నోటా వినపడదు, పాత నవలల్లోనే కనిపిస్తుంది. దాంతో తలా ఒక వాక్యం రాయమన్నాను. మీ అమ్మాయి, ‘మా నాన్న మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడు, ఆయన గొడుగు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది’ అని ఇంగ్లీషులో రాసింది.

“ఏ నవల్లోంచి కాపీ కొట్టావమ్మా?” అన్నాను.

“నేనే రాశాను సార్.”

పొంగిపోయి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. మంచి వాక్యాన్ని బోర్డు మీద ఉంచి, రోజూ అన్ని కాలాల్లోనూ వల్లె వేయించడం నా పద్ధతి. వెళ్ళిపోయాడు, వెళ్ళిపోతున్నాడు, వెళ్ళిపోతాడు అంటూ క్లాసంతా గొంతెత్తింది. మీ అమ్మాయి గొంతు వినపడటం లేదని కసిరి, లేపి నిలబెట్టి ఒక్కదానిచేతే అనిపించాను.

మర్నాటి నుంచి తను రావడం లేదు. ఎందుకని అడిగితే పక్కన కూర్చునే పిల్ల చెప్పింది. “వాళ్ళ నాన్న నిజంగానే వెళ్ళిపోయారు సార్.”

ఇదే ఏ నవల్లోనో చదివుంటే కళ్ళు తుడుచుకునేవాణ్ణి. ఎదురుగా కనిపిస్తే మార్కులు వేశాను.

తనను బడికి పంపమని అడిగే అర్హత నాకు లేదు. అయినా అడుగుతున్నాను. బోర్డు తుడిచేశానమ్మా. పిల్లలకు మాత్రం అప్పటికే కంఠతా వచ్చేసింది.

– ఇంగ్లీషు మాస్టారు