కరివేపాకు పాప్‌కార్న్, నెట్‌బాల్ ఫైనల్

శనివారం, రాత్రి

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా హాసిని తన నెట్‌బాల్ టీమ్ పేరే ఎత్తలేదు. ఈ రోజు మధ్యాహ్నం వాళ్ల స్కూల్ ఫైనల్. లైవ్ వస్తోందని తెలిసి టీవీలో పెట్టాను. పిలిచినా గదిలోంచి రాలేదు.

గిన్నెలో నెయ్యి వేసి పాప్‌కార్న్ చేశాను. వేడి మీదే కరివేపాకు కారం కలిపేసరికి ఇల్లంతా ఘాటు. నేను వంటింట్లో తుమ్మితే, తను గదిలో తుమ్మింది.

"నాన్నా, వాట్ ఆర్ యూ బర్నింగ్?" అంటూ చంకకర్రల మీద వచ్చింది.

"తిని చూసి చెప్పు."

సోఫాలో కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంది. కాసేపు టీవీ వైపు చూడనే లేదు. మూడో క్వార్టర్‌కల్లా, తన స్థానంలో ఆడుతున్న అమ్మాయికి "మియా, పాస్ ఇట్" అని ఇక్కడినుంచే అరుస్తోంది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. కారం వేళ్లతో కళ్లు తుడుచుకుని ఇంకా ఏడ్చింది. తడిగుడ్డతో తుడుస్తుంటే మధ్యలో నవ్వింది కూడా.

"మండే ప్రాక్టీస్‌కి డ్రాప్ చేస్తావా? జస్ట్ చూడ్డానికి."

చేస్తానన్నాను. మళ్లీ ఆడగలనా అని తను అడగలేదు. డాక్టర్ ఆ సంగతి ఇంకా తేల్చలేదు.

సోమవారం ఆల్బనీలోని మా ఆఫీసు నుంచి రెండున్నరకే బయల్దేరాలి.