వాతి మడి

అల్ మవాలే, 2015, శుక్రవారం

ఆ పొలం నువ్వెప్పుడైనా చూశావా? చూడకుండానే తీర్పు ఎలా చెప్పావు? నన్ను నేనే అడుగుతున్నాను.

నేను కారు నడిపే ఈ అరబ్బుల ఇంట్లోనే వంట చేసే వాతిది జావాలో ఒక పల్లె. అక్కడ కొండవాలున మెట్లుమెట్లుగా దిగే వరిమళ్లలో ఒకటి ఆమె వాటా. అది తన పేర రాసిస్తే టూరిస్టులకు గదులు కడతానని వాళ్ల అన్న అడిగాడట. పోయిన వారం నన్ను సలహా అడిగింది. నేను బైబిలు తెరిచి, యజమాని ఇచ్చిన తలాంతును, అంటే వెండి సొమ్మును, పెంచకుండా మట్టిలో పాతిపెట్టి శిక్ష పడిన దాసుడి సంగతి చదివి, మడిని ఊరికే ఉంచడం పాపమని గొంతెత్తి గద్దించాను. అన్న పేర రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఇవాళ చర్చిలో ప్రార్థన నుంచి ఇద్దరం తిరిగి వస్తూ కారులో ఊరికే అడిగాను, టూరిస్టులు అంత దూరం ఏం చూడటానికి వస్తారని.

"మా మడినే, భయ్యా. నాట్లప్పుడు ఫోటోలు తీసుకుంటారు."

"మరి అందులో గదులు కడితే?"

"పక్కవాళ్ల మడి చూస్తారు," అని నవ్వింది. "ఇక్కడి డ్యూటీ అయిపోయాక అందులోనే నాటుకుని బతుకుదామనుకున్నా. నువ్వు పాపమన్నావుగా," అంది.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. సిగ్నల్ దగ్గర బ్రేక్ వేశాను, అంతే. ఇప్పుడు మోకరించినా ప్రార్థన సాగడం లేదు. ఆ దాసుడు పాతింది వెండి. వాతి పాతేది నారు. ఇంత తేడా నాకెందుకు...

ఆ సంతకం కాగితం పెట్టి, అన్నకు కొరియర్‌లో వెయ్యమని ఆమె ఇచ్చిన కవరు ఈ బైబిల్లోనే ఉంది. వంటగదిలో ఇంకా లైటు వెలుగుతోంది. లే. తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పుడే వెళ్లి, తప్పు చెప్పానని ఒప్పుకుని, ఆమె కవరు ఆమె చేతిలో పెట్టు.