మెర్సియా నాణెం, నీ బోర్డు

మల్లేశా,

నువ్వు చనిపోయి ఏడాదయింది. రియాద్‌లో, మలాజ్‌లోని మా స్కూల్లో ఈ పొద్దు మెర్సియా పాఠం చెప్పాను. పాతకాలపు ఇంగ్లండులో అదొక రాజ్యం. దాని రాజు అరబ్బుల దీనారు చూసి అలాంటిదే బంగారు నాణెం కొట్టించాడు. కొట్టినవాడికి అరబ్బీ రాదు. రాజు పేరు సరిగ్గానే వేసి, అరబ్బీ రాతను తలకిందులు చేశాడు.

గల్ఫ్ యుద్ధమప్పుడు ఇక్కడి బతా బజారులో రొట్టెల దుకాణానికి నువ్వు రాసిన అరబ్బీ బోర్డు గుర్తొచ్చింది. దాన్ని నువ్వే తలకిందులుగా బిగించావు. అంత సైరన్ల భయంలోనూ జనం ఆగి మరీ నవ్వారు. "సదువొస్తే గిట్లెందుకైతది సారూ? నేను బొమ్మ లెక్క గీస్త" అని తల వంచుకున్నావు.

రాజుగారి టంకశాలలోనూ నీలాంటివాడే ఉన్నాడయ్యా.

"ఆ పనివాడి పేరేంటి సార్?" అని ఒక పాప అడిగింది. ఎవరికీ తెలీదని చెప్పాల్సింది.

మల్లేశు అనేశాను.